పదిహేడో నంబరు

నా థీసిస్‌లో నీ పేరు లేదు, లియాండర్ పిట్‌మన్.
పేర్లు రాయకూడదని నైతిక సంఘం వాళ్ల నియమం.
నువ్వు పదిహేడో నంబరువి,
పురుషుడివి, డెబ్బై ఒకటేళ్లు,
సముద్రం మీద యాభై నాలుగు.
పట్టికలో నీకు దొరికిన జాగా అంతే.

రేవులో కాగితాలు పంచుతుంటే అడిగావు,
ఏం చదువుతున్నావమ్మా బెర్నిస్ అని.
బోధనా సాంకేతికత అన్నాను.
"అంటే టీచర్లకి కంప్యూటర్లు బాగుచేస్తావా?"
అవునన్నాను.
ఆరేళ్లుగా మా అమ్మకీ అదే చెప్తున్నాను.

పాఠం నేనే కట్టాను, ఇరవై రెండు స్లైడులు.
మునిగే పడవలో ప్రాణం నిలిపే నారింజ రంగు సూటు
ఎక్కడ దాచాలి, ఎలా విప్పాలి, ఏ కాలు ముందు.
స్లైడు స్లైడుకీ ఒక ప్రశ్న.
తప్పు చెప్పినా కసురుకోని గొంతొకటి;
ఆ గొంతు కోసం మూడు నెలలు వెతికాను.

ఫిబ్రవరిలో నలభై ఒక్క మంది వచ్చారు.
బూట్లకంటిన మంచు
చర్చి హాలు నేలంతా కరిగి పారింది.
ప్రతి వేలి కదలికనీ యంత్రం రాసుకుంది.
నీ దగ్గరే దానికి రాసుకోడానికి ఏమీ దొరకలేదు.
మూడో స్లైడు. యాభై రెండు నిమిషాలు.
"తరువాత" అన్న మీటని నువ్వు ముట్టుకోలేదు.
చలనం లేదు, అని రాసింది.
మార్కులు సున్నా.

మర్నాడు ఈతకొలను దగ్గర దీపాలు ఆర్పించాను.
స్పీకర్లో అలల చప్పుడు పెట్టాను.
అది విని నువ్వు నవ్వడం చీకట్లో కూడా తెలిసింది.
నలభై ఎనిమిది సెకన్లు.
హుడ్డు, జిప్పు, గడ్డం కింది పట్టీ, అన్నీ.
ఆ తర్వాత పక్కకి తిరిగి
తొంభై ఎనిమిది మార్కుల కుర్రాడికి,
రెండు కాళ్లూ ఒకే గొట్టంలో దూర్చి నిలబడ్డవాడికి,
నిద్రలో ఉన్న పిల్లవాడికి స్వెట్టరు వేసినట్టు
మాటైనా లేకుండా తొడిగావు.

"తీసెయ్" అంది మా గైడు హౌలెట్.
చెడ్డ మనిషి కాదు, నా ఫీజు ఒకసారి తనే కట్టింది.
"వీడొక్కడే గీతకి దూరం.
వీడు లేకపోతే అంకెలు కుదురుగా కూర్చుంటాయి."
తీసేశాను.
నిజమే, కూర్చున్నాయి,
పెళ్లి ఫొటోకి కూర్చున్న చుట్టాల్లా.

రాత్రి మూడింటికి నిన్ను మళ్లీ పెట్టాను.
పొద్దున్న తీశాను.
వారం రోజులు
నిన్ను ముంచాను, తేల్చాను, ముంచాను.

ఆఖరికి సెయింట్ జాన్స్ నుంచి నాలుగు గంటలు
పొగమంచులో కారు నడుపుకుంటూ మీ రేవుకొచ్చాను.
నువ్వు చిరిగిన వల కుడుతున్నావు.
మూడో స్లైడులో ఏముంది, అంతసేపు చూశావు?
నీ సూది ఆగలేదు.
"ఆ బొమ్మలో సూటు పడక కింద పెట్టెలో పెట్టారు.
మా తమ్ముడు సైరస్‌ది కూడా అక్కడే ఉండేది."
ఒక ముడి.
"బోటు ఒరిగితే ఆ పెట్టె తెరుచుకోదు.
తలుపు పక్కన కొక్కేనికి తగిలించాలి."
ఇంకో ముడి.
"ఎవరికి చెప్పాలో తెలీలేదు.
తరువాత, అని ఒక్కటే మీట ఉంది."

ఇవాళ వైవా.
ఐదుగురు, ఐదు నీళ్ల సీసాలు.
తెర మీద చుక్కలు; ఓ మూల, మందకి దూరంగా, నువ్వు.
ఒకాయన కళ్లజోడు పైకి నెట్టి అడిగాడు:
"ఈ పదిహేడో వ్యక్తి ఏం నేర్చుకున్నట్టు?"
మూడు పేజీల జవాబు కంఠతా పట్టి వెళ్లాను.
మూడో స్లైడు మార్చానండీ, అన్నాను.
"అది జవాబు కాదు."
కాదండీ, అన్నాను.
ఎవరో సీసా మూత తిప్పారు, చాలాసేపు.

పాసయ్యాను, సవరణలతో.
నాలుగో అధ్యాయం మళ్లీ రాయాలి.
శనివారం కెమెరా పట్టుకొస్తాను, ఉంటావుగా?
నీ బోటులో ఆ కొక్కెం ఫొటో కావాలి.
నీ చెయ్యి అడ్డం వస్తే రానీ.
చేతుల గురించి సంఘం వాళ్లు
ఏ నియమమూ రాసుకోలేదు.